ఒకటో తరగతిలో కొన్న టీవీ పదో తరగతి దాకా పనిచేయాలంటే



దసరా, దీపావళి, సంక్రాంతి, ఉగాది... పండుగ ఏదైనా టీవీల మీద ఆఫర్లు మొదలవుతాయి. మేళ్లచెరువు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లం కోదాడకో, హుజూర్‌నగర్‌కో వెళ్లి కొంటాం. లేదంటే ఫోన్‌లోనే ఆర్డర్ పెడతాం. షాపులో మనం సాధారణంగా రెండే ప్రశ్నలు అడుగుతాం: ఎన్ని అంగుళాలు? ఎంత తగ్గిస్తారు? అడగాల్సిన మూడో ప్రశ్న మాత్రం అడగం: ఇది ఎన్నేళ్లు పనిచేస్తుంది?

ఒక చిన్న లెక్క చూడండి. 30,000 రూపాయల టీవీ నాలుగేళ్లకే మూలన పడితే, ఏడాదికి మీకు పడిన ఖర్చు 7,500 రూపాయలు. 40,000 పెట్టి కొన్నది పదేళ్లు నడిస్తే ఏడాదికి 4,000 మాత్రమే. తేడా ఏడాదికి 3,500. పిల్లల నోటు పుస్తకాలకు, బూట్లకు పనికొచ్చే డబ్బు అది. అలాగని ఎక్కువ ధర పెట్టిన ప్రతి టీవీ ఎక్కువ కాలం ఉంటుందని కాదు. టీవీ ఆయుష్షు సగం షాపులో మనం చేసే ఎంపిక మీద, మిగతా సగం ఇంట్లో మనం దాన్ని వాడే తీరు మీద ఆధారపడి ఉంటుంది. ఈ నెల ఆ రెండు సగాల గురించీ మాట్లాడుకుందాం.

హైదరాబాద్‌లో తయారైన టీవీలు నేర్పిన పాఠం

1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఇస్రో ఒక పెద్ద ప్రయోగం చేసింది. దాని పేరు సైట్. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు వ్యవసాయం, ఆరోగ్యం, చదువు గురించిన కార్యక్రమాలను నేరుగా చేరవేసింది. వాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. ఊరంతా ఒకచోట కూర్చుని చూసిన ఆ టీవీ సెట్లను తయారు చేసింది మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. ఆ తర్వాత 'ఈసీ టీవీ' పేరుతో చాలా ఇళ్లకు చేరిన సంస్థ అదే. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే గుర్తు చేసుకుంటారు.

దుమ్ము, ఎండ, నిలకడ లేని కరెంటు ఉన్న పల్లెల్లో టీవీ పెట్టి వదిలేస్తే సరిపోదని ఆ ఇంజనీర్లకు ముందే తెలుసు. అందుకే సెట్లతో పాటు వాటిని బాగు చేసే మనుషులనూ, విడిభాగాలనూ సిద్ధం చేసుకున్నారు. యాభై ఏళ్లు గడిచి డబ్బా టీవీ పోయి పలుచటి తెర వచ్చినా ఆ పాఠం మారలేదు. బాగు చేసేవాళ్లు దగ్గర్లో ఉన్న టీవీయే ఎక్కువ కాలం బతుకుతుంది.

ఎల్ఈడీ, క్యూఎల్ఈడీ, ఓఎల్ఈడీ: పేర్ల తికమక

షాపులో వినిపించే పేర్లన్నీ విప్పి చూస్తే తేలేవి రెండే రకాలు.

మొదటిది ఎల్‌సీడీ రకం. దీని తెరకు సొంతంగా వెలుగు ఉండదు. వెనక చిన్న చిన్న ఎల్ఈడీ బల్బులు వెలుగుతుంటే, ముందున్న తెర ఆ వెలుగును అడ్డుకుంటూ, వదులుతూ బొమ్మను చూపిస్తుంది. వెనకున్న ఆ వెలుగునే బ్యాక్‌లైట్ అంటారు. 'ఎల్ఈడీ టీవీ' అని మనం పిలిచేది దీన్నే. క్యూఎల్ఈడీ కూడా ఇదే కుటుంబం. రంగులు మరింత బాగా కనిపించడానికి మధ్యలో ఒక ప్రత్యేకమైన పొర ఉంటుంది, అంతే.

రెండోది ఓఎల్ఈడీ. ఇందులో తెర మీది ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది. బొమ్మ చాలా అందంగా ఉంటుంది, ధర కూడా ఎక్కువే. కానీ కదలకుండా ఒకేచోట ఉండే గుర్తులు గంటల తరబడి కనిపిస్తే, వాటి మచ్చ తెర మీద శాశ్వతంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. మన తెలుగు వార్తా ఛానళ్లలో మూలన లోగో, కింద స్క్రోలింగ్ పట్టీ ఎప్పుడూ ఉండేవే కదా! ఇంట్లో తాతయ్య, నానమ్మ పొద్దుటి నుంచి వార్తలు, సీరియళ్లు పెట్టుకునే అలవాటు ఉంటే ఎల్ఈడీ రకమే మీకు క్షేమం.

పలుచదనం చూసి మోసపోకండి

ఎల్ఈడీ టీవీల్లో బ్యాక్‌లైట్ అమరిక రెండు రకాలు. కొన్నింటిలో బల్బులు తెర వెనకంతా పరచి ఉంటాయి. దీన్ని డైరెక్ట్ లిట్ అంటారు. మరికొన్నింటిలో అంచుల్లో మాత్రమే ఉంటాయి. ఇది ఎడ్జ్ లిట్. ఎడ్జ్ లిట్ టీవీ చాలా పలుచగా, గోడకు అతికించినట్లు అందంగా ఉంటుంది. అయితే బల్బులన్నీ ఒకే అంచున చేరడంతో వేడి కూడా అక్కడే పోగవుతుంది.

కెనడాలో ఆర్టింగ్స్ అనే పరీక్షా సంస్థ 100 టీవీలకు వార్తా ఛానల్ పెట్టి, 10,000 గంటలకు పైగా నడిపి చూసింది. రోజుకు నాలుగు గంటలు చూసే ఇంట్లో అది దాదాపు ఏడేళ్ల వాడకంతో సమానం. అంచుల్లో బల్బులున్న టీవీల్లో వేడి వల్ల లోపలి పొరలు దెబ్బతినడం, వెలుగు సమానంగా రాకపోవడం ఎక్కువగా కనిపించింది. ఓఎల్ఈడీల్లో మచ్చలు పడ్డాయి. కాబట్టి రెండు మోడళ్ల ధర దగ్గర దగ్గరగా ఉంటే, ఒక అంగుళం మందం ఎక్కువైనా డైరెక్ట్ లిట్ తీసుకోండి. పైన పటారం చూసి లోపలి సంగతి మరచిపోవద్దు.

ఎంత సైజు సరిపోతుంది?

4కే టీవీకి ఒక సులువైన లెక్క ఉంది. అంగుళాలను ఒకటిన్నరతో హెచ్చించండి. వచ్చినన్ని అంగుళాల దూరంలోనైనా కూర్చోవాలి. 43 అంగుళాల టీవీకి అది సుమారు ఐదున్నర అడుగులు, 55 అంగుళాల దానికి ఏడు అడుగులు. కుర్చీ నుంచి గోడకు ఎన్ని అడుగులుందో టేపుతో కొలుచుకున్నాకే షాపుకు వెళ్లండి. షాపు హాలు పెద్దది కాబట్టి అక్కడ ఏ టీవీ అయినా చిన్నగానే కనిపిస్తుంది.

ఇంతకుముందు 32 అంగుళాలు దాటిన టీవీలకు జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18 శాతానికి తగ్గింది. పన్ను తగ్గింది కదా అని పెద్ద సైజుకు పోయే కన్నా, మిగిలిన డబ్బుతో అదే సైజులో మంచి సర్వీసు, ఎక్కువ వారంటీ ఉన్న మోడల్‌కు వెళ్లడం తెలివైన పని.

బ్రాండ్ కన్నా ముందు సర్వీసు

తెరలను (ప్యానెళ్లను) తయారు చేసే కంపెనీలు ప్రపంచంలో కొద్దిగానే ఉన్నాయి. ఎక్కువ భాగం చైనా, తైవాన్‌లవే. టీవీగా బిగించే పనిని కూడా చాలా బ్రాండ్లు వేరే కర్మాగారాలకు అప్పగిస్తాయి. హైదరాబాద్ శివార్లలోని రేడియంట్ కర్మాగారం అలా ఒకటి కన్నా ఎక్కువ బ్రాండ్లకు టీవీలు తయారు చేస్తోంది. కాబట్టి ముందు అంటించిన పేరు ఒక్కటే చూసి లోపలి నాణ్యతను తేల్చలేం. బ్రాండ్‌ను బట్టి నిజంగా మారేది ఏమిటంటే, పాడైనప్పుడు మన ఇంటికి ఎవరు వస్తారు, ఎన్ని రోజులకు వస్తారు అన్నది.

అందుకే డబ్బు కట్టకముందే ఆ కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేయండి. మీ పిన్‌కోడ్ చెప్పి ఈ నాలుగు విషయాలు అడగండి.

1. మా ఊరికి టెక్నీషియన్ ఎక్కడి నుంచి వస్తారు? కోదాడ నుంచా, సూర్యాపేట నుంచా, హైదరాబాద్ నుంచా?
2. ఫిర్యాదు చేశాక ఎన్ని రోజుల్లో వస్తారు?
3. వారంటీలో టీవీ మొత్తానికి ఎన్నేళ్లు, ప్యానెల్‌కు ఎన్నేళ్లు?
4. వారంటీ అయిపోయాక ఈ మోడల్‌కు విడిభాగాలు దొరుకుతాయా?

వీటికి సూటిగా జవాబు రాకపోతే, టీవీ పాడైన రోజున కూడా రాదని అర్థం చేసుకోండి. 'మూడేళ్ల వారంటీ' అని చెప్పినప్పుడు అది కంపెనీ ఇచ్చేదా, వేరే సంస్థ అమ్మే అదనపు వారంటీయా అని కూడా చూడండి. రెండోదైతే ఫిర్యాదు చేయాల్సిన చోటు వేరుగా ఉంటుంది.

తెర బాగున్నా టీవీ ముసలిదైతే?

స్మార్ట్ టీవీలో తెర కన్నా ముందు లోపలి సాఫ్ట్‌వేర్ ముసలిదవుతుంది. మూడు నాలుగేళ్లకు యాప్‌లు నెమ్మదిస్తాయి, కొన్ని తెరుచుకోవు. కొనేటప్పుడు ర్యామ్ కనీసం 2 జీబీ, స్టోరేజీ 16 జీబీ ఉండేలా చూసుకోండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో అడగండి. సామ్‌సంగ్ 2024 నుంచి కొన్ని మోడళ్లకు ఏడేళ్లు, ఎల్‌జీ కొన్నింటికి ఐదేళ్లు ఇస్తామని ప్రకటించాయి.

ఒకవేళ యాప్‌లు నెమ్మదించినా టీవీ మార్చనవసరం లేదు. హెచ్‌డీఎంఐ పోర్టులో పెట్టే స్ట్రీమింగ్ స్టిక్ కొన్ని వేల రూపాయలకే దొరుకుతుంది. అందుకని కనీసం మూడు హెచ్‌డీఎంఐ పోర్టులున్న టీవీ తీసుకుంటే మంచిది.

పెట్టె మీద రెండు గుర్తులు

మొదటిది భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు. టీవీలకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గుర్తు దగ్గర 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ నంబరు కొట్టి నిజమైనదో కాదో మీరే చూసుకోవచ్చు. ఊరూ పేరూ లేని బ్రాండ్లను 'సగం ధరకే' అంటూ అమ్మేచోట ఇది బాగా ఉపయోగపడుతుంది.

రెండోది కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ వేసే నక్షత్రాల లేబుల్. నక్షత్రాలతో పాటు ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయో దాని మీద రాసి ఉంటుంది. ఒకే సైజున్న రెండు టీవీల లేబుళ్లు పక్కపక్కన పెట్టి చూడండి. తక్కువ కరెంటు తాగే టీవీ తక్కువ వేడెక్కుతుంది. లోపలి భాగాలకు వేడే పెద్ద శత్రువు కాబట్టి, ఆ లేబుల్ కరెంటు బిల్లుతో పాటు టీవీ ఆయుష్షు గురించి కూడా కొంత చెబుతుంది.

ఇంటికి వచ్చాక: ఐదు జాగ్రత్తలు

వెలుగు తగ్గించండి. షాపులో జనాన్ని ఆకర్షించడానికి టీవీలను 'వివిడ్' లేదా 'డైనమిక్' మోడ్‌లో పెడతారు. ఇంట్లో 'స్టాండర్డ్' లేదా 'సినిమా' మోడ్‌కు మార్చి, బ్యాక్‌లైట్‌ను సగం దగ్గరకు తెచ్చుకోండి. రెండు రోజుల్లో కళ్లు అలవాటు పడతాయి. బల్బుల మీద భారం, వేడి, బిల్లు మూడూ తగ్గుతాయి. ఈ వ్యాసంలో ఒక్కటే పాటిస్తామంటే, ఇది పాటించండి.

గాలి ఆడనివ్వండి. వేసవిలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. పడమటి ఎండ పడే గోడకు, గాలాడని చెక్క అరలో టీవీ పెట్టకండి. వెనక, పైన నాలుగైదు వేళ్ల సందైనా ఉండాలి. టీవీ కిందే దీపం, అగరుబత్తులు, దోమల చుట్ట పెట్టే అలవాటుంటే మానుకోండి.

పిడుగుల రోజుల్లో ప్లగ్ తీయండి. ఈ కాలపు టీవీల్లో చాలావరకు 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకుంటాయి. మీ టీవీ వెనక లేబుల్ మీద ఎంత రాసి ఉందో చూడండి. మామూలు హెచ్చుతగ్గుల కన్నా ప్రమాదం, కరెంటు పోయి వచ్చేటప్పుడూ పిడుగు పడినప్పుడూ ఒక్కసారిగా దూసుకొచ్చే వోల్టేజీతోనే. మంచి సర్జ్ ప్రొటెక్టర్ వాడండి. ఇంటి ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే అది ఉన్నా పెద్దగా ఉపయోగం ఉండదు, కాబట్టి ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించండి. ఎండాకాలం చివర ఈదురుగాలులు, ఉరుములు మొదలవగానే రిమోట్‌తో ఆపి ఊరుకోకుండా ప్లగ్ తీసేయండి. డిష్ లేదా కేబుల్ వైరు కూడా విప్పేయండి. చాలామంది ప్లగ్ తీసి ఈ వైరును మరచిపోతారు, పిడుగు దారి చూసుకునేది దాని గుండానే. ఉరుములు దగ్గర పడ్డాక మాత్రం వైర్లను ముట్టుకోవద్దు. 'దామిని' యాప్ పెట్టుకుంటే పిడుగుల హెచ్చరిక ముందే తెలుస్తుంది.

తెర మీద నీళ్లు చల్లకండి. లారీలు తిరిగే రోడ్డు పక్క ఇళ్లలో రెండు రోజులకే తెర మీద దుమ్ము పేరుకుంటుంది. టీవీ ఆపి, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా తుడవండి. ద్రవం చల్లితే అది కారి తెర కింది అంచులోకి దిగుతుంది. తెరను నడిపే సన్నని సర్క్యూట్లు చాలా టీవీల్లో అక్కడే ఉంటాయి. నిలువు గీతలు పడడానికి ఇదొక కారణం. వెనక గాలి రంధ్రాలను ప్లగ్ తీసి మెత్తటి బ్రష్‌తో నెలకోసారి దులపండి. వెచ్చదనానికి బల్లులు, చీమలు చేరేది కూడా అక్కడే.

గోడకు గట్టిగా బిగించండి. పలుచటి టీవీ బల్ల మీద నిలబడితే, చిన్నపిల్లలు అంచు పట్టుకుని లాగినా మీద పడుతుంది. గోడకు బిగించండి, లేదా పట్టీతో గోడకు కట్టండి. కూర్చున్నప్పుడు కంటి ఎత్తుకు తెర మధ్యభాగం వస్తే పిల్లల మెడకు శ్రమ ఉండదు.

'ప్యానెల్ పోయింది' అన్నారా? టార్చి వేసి చూడండి

ఒకరోజు టీవీలో మాటలు వినిపిస్తాయి, బొమ్మ కనిపించదు. 'ప్యానెల్ పోయింది, కొత్తది కొనడమే మేలు' అనే మాట వినిపిస్తుంది. ఒప్పుకునే ముందు గదిలో లైట్లు ఆపి, టీవీ ఆన్ చేసి, సెల్‌ఫోన్ టార్చిని తెరకు దగ్గరగా, కొంచెం ఏటవాలుగా పట్టి చూడండి. మసకగా బొమ్మ కదులుతూ కనిపిస్తే తెర బాగానే ఉన్నట్లు. పోయింది బ్యాక్‌లైట్, లేదా దానికి కరెంటు ఇచ్చే బోర్డు. బల్బులు ఒకదాని వెంట ఒకటి వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్క బల్బు పోయినా వరస మొత్తం ఆరిపోతుంది. స్ట్రిప్పులు మార్చే ఖర్చు ప్యానెల్ ధరతో పోలిస్తే చాలా తక్కువ. టీవీ వెనక మూత మాత్రం మీరు విప్పకండి. ప్లగ్ తీసినా లోపల కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది.

కొన్న రోజు నుంచే కొన్ని కాగితాలు జాగ్రత్త చేయాలి. జీఎస్టీ బిల్లు మీద మోడల్, సీరియల్ నంబర్లు ఉండాలి. వారంటీ కార్డును ఫోటో తీసి ఫోన్‌లో దాచండి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. కొన్ని కంపెనీలు తమ టెక్నీషియన్ వచ్చాకే విప్పమంటాయి, ఆ షరతు ముందే చదవండి. టెక్నీషియన్ వెళ్లకముందే అన్ని పోర్టులు, రిమోట్, తెర మూలలు చూసుకోండి.

కంపెనీ వారంటీ ఉన్నా పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కమిషన్‌లో కేసు వేయవచ్చు. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువుకైనా ఇదే వర్తిస్తుంది. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి.

ఇక పాత టీవీని చెత్తకుప్పలో పారేయకండి. డబ్బా టీవీల గాజులో సీసం, తొలినాటి ఎల్‌సీడీ టీవీల ట్యూబుల్లో పాదరసం ఉంటాయి. కొత్తది కొనేటప్పుడు ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వండి, లేదా అధీకృత ఈ-వేస్ట్ సేకరణ కేంద్రానికి చేర్చండి.

పిల్లల కోసం ఒక మాట, ఒక లెక్క

టీవీ పదేళ్లు ఉండాలి, కానీ రోజంతా వెలగనక్కర్లేదు. భారత పిల్లల వైద్యుల సంఘం సూచన ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలు వద్దు. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట మించవద్దు. ఐదు నుంచి పదేళ్ల వాళ్లకు రెండు గంటల లోపే. ఈ నియమం పిల్లల కళ్లకూ మంచిది, టీవీకీ మంచిది.

ఈ ఆదివారం మీ అబ్బాయితోనో, అమ్మాయితోనో ఈ లెక్క చేయించండి. టీవీ వెనక లేబుల్ మీద ఎన్ని వాట్లు ఉన్నాయో చూడమనండి. ఉదాహరణకు 80 వాట్ల టీవీ రోజుకు నాలుగు గంటలు నడిస్తే 320 వాట్ అవర్లు, అంటే 0.32 యూనిట్. ఏడాదికి సుమారు 117 యూనిట్లు. రోజుకో గంట తగ్గిస్తే ఎన్ని యూనిట్లు మిగులుతాయి? మీ ఇంటి కరెంటు బిల్లు చూసి దాన్ని రూపాయల్లోకి మార్చమనండి. ఆరో తరగతి దాటిన పిల్లలు సులువుగా చేస్తారు. వచ్చిన జవాబును డైరీలో రాసి, పక్కన మీ సంతకం పెట్టి పంపండి.